ఆయిల్ ఫిల్టర్‌లో మెరుపులు: ఇంజిన్ దించాల్సిందేనా?

ప్రశ్న: ఏడాది క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోల్ కారు కొన్నాను. టర్బో లేదు. ఇప్పటికి 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న ఆయిల్ నేనే మార్చుకుని, లోపల ఎలా ఉంటుందో చూద్దామని పాత ఫిల్టర్‌ని హాక్సా బ్లేడ్‌తో కోశాను. కాగితం మడతల మీద ఇనుప రజను లాంటిది చాలా మెరుస్తూ కనిపించింది. దానితో పాటు వెండి రంగు రేకులు పది పన్నెండు, రాగి రంగువి రెండు ఉన్నాయి. బండిలో కొత్త చప్పుడేమీ లేదు, ఆయిల్ లైటు ఎప్పుడూ వెలగలేదు. ఫోటో చూసిన మెకానిక్ “బేరింగులు పోయాయి, ఇంజిన్ దించాల్సిందే” అన్నాడు. నా స్నేహితుడేమో “పాత బండి అన్నాక అంతే, అసలు ఫిల్టర్ కోయడమే నీ తప్పు” అంటున్నాడు. టెన్షన్‌తో నాలుగు రోజులుగా బండి బయటికి తీయలేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంజిన్ ఇప్పుడే దించకండి. అలాగని మీ స్నేహితుడి మాట విని వదిలేయనూ వద్దు. ఫిల్టర్ కోసి చూడటం తప్పు కానే కాదు. చిన్న పిస్టన్ ఇంజిన్ విమానాలకైతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూస్తారు. అది అక్కడ మామూలు పని. కారుకి కూడా ఇంజిన్ విప్పకుండా లోపలి సంగతి తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట “హాక్సా బ్లేడ్”. ఫిల్టర్ డబ్బా ఇనుప రేకుతో చేసింది. దాన్ని రంపంతో కోస్తే రజను రాలకుండా ఉండదు, అది నేరుగా కాగితం మడతల మీదే పడుతుంది. కాబట్టి మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన ఆ రజనులో చాలా భాగానికి మీ ఇంజిన్‌తో సంబంధం లేకపోవచ్చు. కానీ ఆ రెండు రాగి రంగు రేకులు రంపం నుంచి వచ్చేవి కావు. డబ్బాలో రాగి లేదు, బ్లేడులోనూ లేదు. నేను పట్టించుకునేది వాటినే.

ఆ ఫిల్టర్ ఇంకా పారేసి ఉండరనే ఆశతో చెబుతున్నాను. దాన్ని మళ్ళీ తీయండి. మడతల కాగితాన్ని పదునైన చాకుతో పైనా కిందా అంచుల దగ్గర కోసి, హార్మోనియం తిత్తిలా మడతలున్న ఆ కాగితాన్ని డబ్బా నుంచి వేరు చేయండి. పాత గుడ్డలో పెట్టి గట్టిగా నొక్కి ఆయిల్ పిండేయండి. తర్వాత పొడవుగా సాగదీసి ఎండలో పెట్టి, మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడండి. ట్యూబులైటు కింద కనిపించనివి ఎండలో కనిపిస్తాయి. ఎక్కడ ఉన్నాయన్నది కూడా గమనించండి. ఇలాంటి ఫిల్టర్‌లో ఆయిల్ బయటి అంచున ఉన్న రంధ్రాల్లోంచి లోపలికి వచ్చి, కాగితం బయటి వైపు నుంచి మధ్యలో ఉన్న గొట్టంలోకి వెళ్తుంది. ఇంజిన్ నుంచి వచ్చిన తునకలు మడతల లోతుల్లో, కాగితం పొడవునా అక్కడక్కడా ఇరుక్కుని ఉంటాయి. రంపపు రజను మాత్రం మీరు కోసిన చోటికి దగ్గరగా, పైపైన గుంపుగా పడి ఉంటుంది. కొన్నిటికి ఒక పక్కన డబ్బా పెయింటు కూడా అంటుకుని ఉంటుంది. భూతద్దం ఉంటే ఆ రంగు తెలిసిపోతుంది.

తర్వాతి పని మ్యాగ్నెట్‌ది. ఒక శుభ్రమైన తెల్లటి గిన్నెలో కాస్త కిరోసిన్ పోసి, కాగితాన్ని అందులో బాగా జాడించండి. దగ్గర్లో నిప్పు, సిగరెట్ లేకుండా చూసుకోండి. గట్టి మ్యాగ్నెట్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి గిన్నె అడుగంతా మెల్లగా తిప్పండి. అంటుకున్నవన్నీ కవర్ మీదే ఉంటాయి. పైకి తీశాక, తెల్ల కాగితం మీద కవర్‌లోంచి మ్యాగ్నెట్‌ని బయటికి లాగితే అవి రాలిపోతాయి. కవర్ లేకుండా చేస్తే మ్యాగ్నెట్‌కి పట్టిన రజనుని వదిలించడం నరకం. ఇప్పుడు గిన్నెలో మిగిలినది వేరు, కాగితం మీద రాలినది వేరు. మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన విభజన ఇదే.

మ్యాగ్నెట్‌కి అంటినవంటే ఇనుము, ఉక్కు. ఇంజిన్‌లో వాటి పుట్టిళ్ళు చాలానే ఉన్నాయి: పిస్టన్ రింగులు, పోత ఇనుప లైనర్లు, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్, వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్, టాపెట్లు, ఈ రెండు షాఫ్టుల్నీ కలిపే టైమింగ్ చైన్, ఆయిల్ పంపు గేర్లు. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలని, బూడిద రంగు ముద్దలాంటి సన్నటి పొడి కొద్దిగా ఉంటే నేను పట్టించుకోను. లక్ష దాటిన బండిలో అది మామూలే. డ్రెయిన్ ప్లగ్‌కి మ్యాగ్నెట్ ఉన్న బండ్లలో ప్రతిసారీ అలాంటి ముద్ద కనిపిస్తుంది. వేలికి గుచ్చుకునే సూదుల్లాంటి చీలికలు, ఒక పక్క నున్నగా మరో పక్క విరిగినట్టు ఉండే పెచ్చులు కనిపిస్తే మాత్రం ఆగాలి. కామ్ లోబ్ (కామ్ షాఫ్ట్ మీది ఉబ్బు) లేదా టాపెట్ పై పొర ఊడుతుంటే ఇలాంటి పెచ్చులే వస్తాయి. మీ విషయంలో, డబ్బా పెయింటు ఉన్నవాటిని, ఉంగరాలు తిరిగిన సన్నటి తీగల్లాంటివాటిని రంపం ఖాతాలో వేసి పక్కన పెట్టండి.

మ్యాగ్నెట్‌కి అంటని వెండి రంగు రేకుల దగ్గరే చాలామంది పొరబడతారు. “అల్యూమినియం కాబట్టి పిస్టన్” అనేస్తారు. పిస్టన్ కావచ్చు. కానీ ఈ రోజుల్లో చాలా కార్ల బేరింగ్ షెల్స్, అంటే క్రాంక్ చుట్టూ కూర్చునే అర్ధ వలయపు రేకులు, ఉక్కు మీద అల్యూమినియం-తగరం మిశ్రమం పూసినవే. అవి అరిగినా వచ్చేది అల్యూమినియమే. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ పంపు బాడీ, కామ్ షాఫ్ట్ తిరిగే హెడ్ గూళ్ళు, టైమింగ్ కవర్ కూడా అల్యూమినియమే. పక్కకి జరిగిన చైన్ కవర్‌ని ఒరుసుకున్నా ఇదే రంగు. రంగుని బట్టి లోహం తెలుస్తుందేమో గానీ, ఏ భాగం నుంచి వచ్చిందో తెలియదు.

ఇక రాగి రంగు రేకుల సంగతి. పాత రకం మూడు పొరల బేరింగుల్లో కింద ఉక్కు, దాని మీద రాగి-సీసం మిశ్రమం, అన్నిటికన్నా పైన సీసం-తగరం పల్చటి పూత ఉంటాయి. ఆ పూత మందం సుమారు 12 నుంచి 25 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. అది అరిగిపోతే కింద రాగి రంగు బయటపడుతుంది. ఆ రాగి కూడా ఊడటం మొదలైతే ఫిల్టర్‌లో మీరు చూసిన రంగు కనిపిస్తుంది. మీకు టర్బో లేదు కాబట్టి టర్బో బేరింగుని లెక్కలోంచి తీసేయొచ్చు. ఇక మిగిలేవి ముఖ్యంగా రెండు: ఇలాంటి బేరింగ్ షెల్, లేదా పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ పై చివర పిస్టన్ పిన్ను కూర్చునే రాగి మిశ్రమపు బుష్. చాలా పెట్రోల్ ఇంజిన్లలో ఆ పిన్ను రాడ్‌లోనే బిగుతుగా దిగి ఉంటుంది, బుష్ ఉండనే ఉండదు. మీ ఇంజిన్‌కి బుష్ ఉందా, బేరింగులు ఏ రకం అన్నది వర్క్‌షాప్ మాన్యువల్లో గానీ, విడిభాగాల కేటలాగులో గానీ చూడండి. ఈ ఒక్క సమాచారంతో మీ అనుమానం సగానికి తగ్గిపోతుంది.

వెండి రంగు రేకుల్లో ఏది అల్యూమినియం, ఏది సీసం-తగరం పూత అని తేల్చుకోవాలంటే ఇంట్లోనే చేయగలిగిన పరీక్షలు రెండున్నాయి. ఒక రేకుని గాజు పలక మీద పెట్టి సూది మొనతో నొక్కండి. పూత తాలూకుదైతే మెత్తగా, మసకగా ఉండి పెన్సిల్ గీతలా పూసుకుపోతుంది. అల్యూమినియం అంత తేలిగ్గా లొంగదు, మెరుపు కూడా ఎక్కువ. ఇంకా అనుమానం ఉంటే వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ మొన తాకించండి. సీసం-తగరం పూత కరుగుతుంది, అల్యూమినియం చెక్కు చెదరదు. కిరోసిన్ గిన్నె పక్కన పెట్టుకుని మాత్రం ఈ పని చేయకండి. రేకుని తుడిచి, ఆరబెట్టి, వేరే గదిలో చూడండి. కాస్టిక్ సోడా ద్రావణంలో వేస్తే అల్యూమినియం బుడగలు వచ్చి కరిగిపోతుంది, ఇనుము, రాగి అలాగే ఉంటాయి. ఆ పద్ధతి కూడా ఉంది గానీ అది కళ్ళకీ చర్మానికీ ప్రమాదం. చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా వద్దు. ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు.

గిన్నెలో నల్లగా ఉండి, నలిపితే పొడి అయ్యేది కార్బన్. ఎర్రగానో నల్లగానో రబ్బరులా సాగేది గాస్కెట్ పేస్టు. గోధుమ రంగు ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే మాత్రం టైమింగ్ చైన్ గైడు విరుగుతోందేమో చూపించండి. అది లోహం కాకపోయినా చిన్న విషయం కాదు.

ఇంజిన్‌లో జరిగేదంతా ఫిల్టర్ చూపించలేదని కూడా మీకు తెలియాలి. ఆయిల్ దారి ఇలా ఉంటుంది: ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి (ఛాంబర్) లో పీల్చే గొట్టానికి జల్లెడ, అక్కడి నుంచి పంపు, పంపు నుంచి ఫిల్టర్, ఆ తర్వాతే బేరింగులు. బేరింగు దగ్గర ఊడిన తునక ముందు కిందికి ఛాంబర్‌లో పడి, జల్లెడ దాటి, పంపు దాటి ఫిల్టర్‌కి చేరాలి. పెద్ద పెచ్చులు జల్లెడ దగ్గరే ఆగిపోయి ఛాంబర్ అడుగున పడి ఉంటాయి. అంటే ఫిల్టర్‌లో చిన్న రేకులే ఉన్నాయంటే కింద పెద్దవి లేవని కాదు. ఇక మరీ సన్నటివి, సుమారు 20 మైక్రాన్ల లోపువి, చాలావరకు కాగితం దాటి పోతూనే ఉంటాయి. వాటిని లెక్క తేల్చాలంటే ఆయిల్‌ని ల్యాబ్‌కి పంపాలి. ల్యాబ్‌ది మళ్ళీ ఇంకో రకం లోటు. లోహాల శాతం చెప్పే మామూలు స్పెక్ట్రోమీటర్ పరీక్షకి 5 నుంచి 10 మైక్రాన్లు దాటిన తునకలు సరిగ్గా దొరకవు. బేరింగ్ రేకులు రేకులుగా ఊడుతున్నా రిపోర్టు శుభ్రంగా రావచ్చు. అందుకే ల్యాబ్ రిపోర్టు బాగుంది కదా అని ఫిల్టర్‌లో కంటితో చూసినదాన్ని కొట్టిపారేయకండి. అది చూపించేది ఒకటి, ఇది చూపించేది ఇంకొకటి.

ఆయిల్ లైటు వెలగలేదని రాశారు. దాని మీద భరోసా పెట్టుకోవద్దు. చాలా బండ్లలో ఆ లైటు ప్రెజర్ 0.3 నుంచి 0.5 బార్‌కి పడిపోతే గానీ వెలగదు. అది వెలిగే సరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది. ప్రెజర్ స్విచ్ తీసి ఆ స్థానంలో మెకానికల్ గేజ్ బిగించమని మెకానిక్‌ని అడగండి. బండిని అరగంట నడిపి ఆయిల్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో ఒకసారి, 3000 ఆర్‌పీఎంలో ఒకసారి చూడాలి. చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉండి అరిగిన బేరింగు దగ్గర కూడా ప్రెజర్ బాగానే చూపిస్తుంది, ఆ రీడింగ్ ఎందుకూ పనికిరాదు. ప్రతి 1000 ఆర్‌పీఎంకి సుమారు 0.7 బార్ ఉండాలని మెకానిక్‌లు అనుకునే పాత లెక్క ఒకటుంది. ఈ మధ్య ఇంజిన్లలో పంపు తనంతట తానే ప్రెజర్ తగ్గించుకుంటుంది కాబట్టి మాన్యువల్లో ఉన్న అంకెనే నమ్మండి.

గేజ్ పెట్టినప్పుడే చెవి కూడా పెట్టండి. రాడ్ బేరింగ్ (కనెక్టింగ్ రాడ్ కింది చివర, క్రాంక్ దగ్గరిది) చప్పుడు కింది నుంచి బరువుగా వస్తుంది, ఇంజిన్ వేడెక్కే కొద్దీ పెరుగుతుంది. 2000-2500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ కొద్దిగా వదిలినప్పుడు బాగా తెలుస్తుంది. ఒక్కో సిలిండర్‌లో పెట్రోల్ చల్లే ఇంజెక్టర్‌కి ఉన్న కరెంటు ప్లగ్ కాసేపు తీసి చూస్తే, ఏ సిలిండర్ దగ్గర చప్పుడు తగ్గిందో ఆ రాడ్ మీదే అనుమానం. చల్లగా ఉన్నప్పుడు వినిపించి వేడెక్కాక పోయే చప్పుడు ఎక్కువగా పిస్టన్‌ది. పైనుంచి వచ్చే సన్నటి టిక్ టిక్ టాపెట్లది.

ప్రెజర్ సరిగ్గా ఉండి, చప్పుడు లేకపోతే మీ తర్వాతి పని చాలా చిన్నది. మీరు పోసిన కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్‌తోనే 500 కిలోమీటర్లు నడపండి. 3000 ఆర్‌పీఎం దాటించకండి. అలాగని పై గేరులో ఇంజిన్ గునుస్తూ ఉండగా కూడా లాగించకండి, రాడ్ బేరింగుల మీద బరువు పడేది అప్పుడే. రెండు మూడు రోజులకోసారి డిప్‌స్టిక్ చూడండి, దానికి పెట్రోల్ వాసన వస్తోందేమో, ఆయిల్ పాలలా మారుతోందేమో గమనించండి. కూలెంట్ గానీ పెట్రోల్ గానీ ఆయిల్‌లో కలుస్తుంటే బేరింగులు తినేయడానికి అదే కారణం కావచ్చు. ఈ మధ్యలో చప్పుడు మొదలైతే అక్కడే ఆపి బండిని కట్టి లాక్కెళ్ళండి. ఇంటిదాకా నడుపుదామనుకుంటే, మళ్ళీ వాడుకోదగిన క్రాంక్ కూడా పాడైపోవచ్చు.

500 అయ్యాక ఫిల్టర్ మార్చి, పాతదాన్ని ఈసారి సరిగ్గా కోయండి. దీనికి ఫిల్టర్ కట్టర్ అని వస్తుంది. చిన్న చక్రం డబ్బా చుట్టూ తిరుగుతూ రేకుని నొక్కి తెంపుతుంది, రజను రాల్చదు. ఒక రాత్రంతా ఫిల్టర్‌ని బోర్లించి ఆయిల్ కారనిచ్చి, డబ్బా బయట తుడిచి, అప్పుడు కోయండి. పోయినసారి దొరికిన తునకల్ని ఒక చిన్న కవర్లో దాచి తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే పెరుగుతోందా, ఆగిపోయిందా అన్నది తెలుస్తుంది. పాత యజమాని దగ్గర ఎప్పుడో ఏదో పని చేయించి ఉండొచ్చు, ఆ పాత తునకలు ఛాంబర్ అడుగు నుంచి ఇప్పటికి ఫిల్టర్‌కి చేరి ఉండొచ్చు. కుదిరితే ఆయన్ని ఒకసారి అడగండి.

రెండో ఫిల్టర్‌లో రాగి రంగు లేకపోతే, ఇంకో 2000 కిలోమీటర్లకి మళ్ళీ చూద్దురుగాని. ఒక్క రాగి రేకు కనిపించినా నేనైతే ఛాంబర్ విప్పిస్తాను. దీనికి ఇంజిన్ దించాల్సిన పని చాలా బండ్లలో ఉండదు. కింది నుంచి ఛాంబర్ తీసి, అడుగున ఏం పేరుకుందో, జల్లెడలో ఏం ఇరుక్కుందో చూసి, ఒకటి రెండు రాడ్ క్యాపులు (రాడ్ కింది చివరని బిగించే మూతలు) విప్పి షెల్స్ చూస్తే సరిపోతుంది. బాగున్న షెల్ అంతా ఒకే రకమైన మసక బూడిద రంగులో ఉంటుంది. రాగి మచ్చలు గానీ, గోరు తగిలే గీతలు గానీ ఉంటే పోయినట్టే. షెల్‌కీ క్రాంక్‌కీ మధ్య గ్యాప్ కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే మైనపు దారం పెట్టి క్యాప్ బిగించి విప్పుతారు. అది ఎంత వెడల్పుగా నలిగిందో చూసి కొలత చెబుతారు. చాలా ఇంజిన్ల రాడ్ బోల్టులు ఒకసారి సాగితే మళ్ళీ వాడకూడని రకం. విప్పితే కొత్తవి వేయమని ముందే చెప్పండి. మీ మెకానిక్ దీనికి ఒప్పుకోకుండా నేరుగా ఇంజిన్ దించుదామంటే ఇంకొకరిని అడగండి.

బేరింగు పోయిందని తేలితే మాత్రం ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. చాలా ఏళ్ళ క్రితం నా బండికే ఇది జరిగింది. రాడ్ బేరింగు పోతే క్రాంక్ గ్రైండింగ్ చేయించి, కొత్త షెల్స్, కొత్త పంపు వేయించాను. అన్నీ కొత్తవే. ఆయిల్ కూలర్‌ని మాత్రం బయట తుడిచి తిరిగి బిగించారు, నేనూ ఏమీ అనలేదు. నెల తిరక్కుండా అదే చప్పుడు మళ్ళీ మొదలైంది. విప్పి కూలర్‌ని తెల్ల గుడ్డ మీద తట్టితే లోపలి నుంచి పాత బేరింగు రేకులు ఆవగింజంతవి బొటబొటా రాలాయి. ఆ గుడ్డ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. సన్నటి దారుల కూలర్‌ని కడిగి శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం, మార్చేయాల్సిందే. బ్లాక్‌లో ఆయిల్ దారుల ప్లగ్గులు విప్పించి బ్రష్‌తో కడిగించండి. టాపెట్లు ఆయిల్‌తో పనిచేసేవైతే వాటినీ, కామ్ టైమింగ్ మార్చే వాల్వ్ ఉంటే దాని చిన్న జల్లెడనీ కూడా చూడమనండి.

ఈలోగా ఎవరైనా ఇంజిన్ ఫ్లష్ పోయమంటే పోయకండి. అడుగున పేరుకున్న మడ్డి ఒక్కసారిగా లేచి జల్లెడకి అడ్డం పడితే బేరింగులకి ఆయిలే అందదు. చిక్కటి ఆయిల్ పోసి ప్రెజర్ పెంచుదామన్న సలహా కూడా వద్దు. గేజ్ మీద అంకె పెరుగుతుంది గానీ అరుగుదల ఆగదు, పైగా మనం చూడాలనుకున్నది కనబడకుండా పోతుంది.

బండి తీయండి, ముందు గేజ్ పెట్టించండి. రెండో ఫిల్టర్ కోశాక మళ్ళీ రాయండి. వేడి మీద ఐడిల్‌లో, 3000లో వచ్చిన ప్రెజర్ ఎంతో, బేరింగులు ఏ రకమో రాస్తూ, మ్యాగ్నెట్‌కి అంటినవి ఒక తెల్ల కాగితం మీద, అంటనివి ఇంకో కాగితం మీద పేర్చి, పక్కన స్కేలు పెట్టి ఎండలో ఫోటో తీసి పంపండి.